ఒకే చెవికి రెండు గొంతులు: కాలింగ్ యాప్‌లు అంధులకు పనికొచ్చేది ఎప్పుడు?

సంక్షిప్తంగా: కాలింగ్ యాప్‌లో బటన్లకు పేర్లు పెట్టినంత మాత్రాన చూపులేనివారికి పని జరగదు. కాల్ నడుస్తున్నంతసేపూ వారి చెవి అవతలి మనిషి మాటనూ, తెర మీది వివరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్ మాటనూ ఒకేసారి వినాలి. ఏది ఎప్పుడు వినిపించాలో, ఎంత వినిపిస్తే చాలో రోజూ వాడేవారే చెప్పగలరు. కానీ వారు చెప్పింది కోడ్ రాసేవారి దాకా చేరే దారి చాలాచోట్ల మధ్యలోనే తెగిపోతోంది. సుప్రీంకోర్టు 2024, 2025లలో ఇచ్చిన రెండు తీర్పులతో ఈ విషయం సేవాభావం పరిధి దాటి చట్టం పరిధిలోకి వచ్చింది.

బోర్డు పోయి స్క్రీన్ వచ్చింది

మన దేశంలో చూపులేనివారికి ఎక్కువగా దొరుకుతూ వచ్చిన ఉద్యోగాల్లో టెలిఫోన్ ఆపరేటర్ ఒకటి. బ్యాంకులో, ప్రభుత్వ కార్యాలయంలో ఈపీఏబీఎక్స్ బోర్డు ముందు కూర్చుని, వచ్చిన కాల్‌ను కావాల్సిన విభాగానికి కలిపే పని అది. బోర్డు మీద మీటలు చోటు మారవు. మూడో వరుసలో రెండో మీట మేనేజర్ గదికి వెళ్తే, పదేళ్ల తర్వాత కూడా అది అక్కడికే వెళ్తుంది. అయిదో అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, అది వేలికి తగిలితే చాలు, మిగతా అంకెలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. లైన్ మోగుతోందా, బిజీగా ఉందా అనేది టోన్ చెబుతుంది. చేతుల పని చేతులది, చెవుల పని చెవులది. చూపు అవసరమే పడదు.

ఆ బోర్డు చాలా ఆఫీసుల్లో ఇప్పుడు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి కాల్ సెంటర్లలో బల్ల మీద ఫోనే ఉండదు, హెడ్‌సెట్ ఒక్కటే ఉంటుంది. కాల్ ఎత్తడం, హోల్డ్‌లో పెట్టడం, ఇంకొకరికి బదిలీ చేయడం, కాల్ ముగిశాక కారణం నమోదు చేయడం అన్నీ సాఫ్ట్‌ఫోన్ అనే ప్రోగ్రామ్‌లోనే. కాల్ హోల్డ్‌లోకి వెళ్తే ఓ పట్టీ రంగు మారుతుంది. ఎంతమంది వరుసలో ఉన్నారో మూలన ఓ అంకె చెబుతుంది. కరోనా తర్వాత మీటింగులు, ఇంటర్వ్యూలు, ఆన్‌లైన్ క్లాసులు కూడా జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ లాంటి వాటి మీదికి వచ్చాయి. ఇంట్లో మాట్లాడుకునేది వాట్సాప్‌లో. ఫోన్ మాట్లాడటం అనే పని, చూపుతో అవసరం లేని పనుల్లోకెల్లా సులువైనది, ఇరవై ఏళ్లలో స్క్రీన్ చూస్తే గాని జరగని పనిగా మారింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. వారిలో ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది సౌకర్యం కొరత మాత్రమే కాదు, ఒకప్పుడు తమదిగా ఉన్న ఉపాధి చేజారిపోవడం.

స్క్రీన్ రీడర్ దేన్ని చదువుతుంది?

స్క్రీన్ మీద కనిపించేదాన్ని స్క్రీన్ రీడర్ చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు. అది చూడదు, అడుగుతుంది. విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్ వ్యవస్థల్లో ప్రతి యాప్ తన తెర మీద ఉన్న వాటి వివరాలను లోపల్లోపల అందించడానికి ఓ ఏర్పాటు ఉంటుంది. ఒక్కో వస్తువు గురించి మూడు సంగతులు అందాలి: దాని పేరేంటి, అది ఎలాంటిది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. ‘మైక్, బటన్, ఆన్’ అని వినిపించిందంటే ఆ మూడూ అందాయన్నమాట. డిజైనర్ అందంగా ఉందని మామూలు బటన్ బదులు ఓ బొమ్మ గీసి, దాని మీద నొక్కితే పనిచేసేలా కోడ్ రాశాడనుకుందాం. కంటికి అది బటనే. స్క్రీన్ రీడర్‌కు అక్కడ ఏమీ లేదు. లేదంటే ‘అన్‌లేబుల్డ్ బటన్’ అని ఊరుకుంటుంది. అలాంటివి వరుసగా అయిదు ఉంటే, వాటిలో కాల్ కట్ చేసేది ఏదో నొక్కి చూస్తే గాని తెలియదు.

స్క్రీన్ రీడర్లకు కొరత లేదు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ 2009 నుంచీ ఉన్నాయి. కంప్యూటర్‌లో డబ్బు పెట్టి కొనాల్సిన జాస్ చాలాకాలంగా ఉండగా, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు. మరో చూపులేని ప్రోగ్రామర్ జేమ్స్ టే ఆయనతో కలిశాడు. అది ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. మన దగ్గర విద్యార్థులు, నిరుద్యోగులు కంప్యూటర్ మీద పనిచేయగలుగుతున్నారంటే అందులో ఎన్‌వీడీఏ పాత్ర చాలా పెద్దది.

అయితే యాప్ ఇవ్వని వివరాన్ని ఏ స్క్రీన్ రీడరూ పుట్టించలేదు. కాబట్టి మార్పు రావాల్సింది కాలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారి వైపు నుంచే.

కాల్‌లో అసలు చిక్కు సమయం

రైలు టికెట్ తీసే సైటో, వార్తల యాప్‌నో వాడేటప్పుడు స్క్రీన్ రీడర్ నెమ్మదిగా చదివినా, ఒకమాట రెండుసార్లు చెప్పినా పెద్దగా నష్టం లేదు. కాల్ అలా ఆగదు. అవతల మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. స్క్రీన్ రీడర్ కూడా అదే చెవిలో మాట్లాడుతుంది. పెళ్లిపందిట్లో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు ఉంటుంది చాలాసార్లు.

మీటింగ్ యాప్‌నే తీసుకుందాం. పాతికమంది ఉన్న మీటింగ్‌లో ఒకరు చేరతారు, ఒకరు వెళ్లిపోతారు, ఒకరు చెయ్యెత్తుతారు, నలుగురు చాట్‌లో ‘గుడ్ మార్నింగ్’ అని పెడతారు. చూపున్నవారికి ఇవన్నీ ఓ మూల చిన్నచిన్న కదలికలు, పట్టించుకోనక్కర్లేదు. స్క్రీన్ రీడర్ మాత్రం ప్రతిదీ చదువుతుంది, మాట్లాడుతున్న మేనేజర్ మాట మీదే. ఈ ప్రకటనలన్నీ తీసేస్తే ఎవరు వచ్చారో, చాట్‌లో తననే ఏమైనా అడిగారో తెలియదు. అన్నీ ఉంచితే మీటింగ్ వినబడదు. జూమ్ ఇప్పుడు తన సెట్టింగ్స్‌లో ఏయే సంగతులు స్క్రీన్ రీడర్‌కు పంపాలో ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకునే జాబితా ఇస్తోంది. సరైన దారి ఇదే, ఎందుకంటే ఎంత వినాలనేది మనిషిని బట్టి, మీటింగ్‌ను బట్టి మారుతుంది. క్లాసు చెప్పే టీచరుకు ఎవరు చేరారో తెలియాలి, వినే విద్యార్థికి అక్కర్లేదు.

మ్యూట్ బటన్ చూడటానికి చిన్నది. టెన్షన్ మొత్తం దాని దగ్గరే. చాలా యాప్‌లలో మైక్ నడుస్తున్నప్పుడు బటన్ పేరు ‘మ్యూట్’, ఆపేశాక ‘అన్‌మ్యూట్’ అని మారుతుంది. అంటే పేరు ఇప్పటి స్థితిని చెప్పదు, నొక్కితే ఏమవుతుందో చెబుతుంది. కొందరు డెవలపర్లు మంచి ఉద్దేశంతోనే దానికి ‘నొక్కి ఉంది’ అనే స్థితిని కూడా తగిలిస్తారు. అప్పుడు ‘అన్‌మ్యూట్, నొక్కి ఉంది’ అని వినిపిస్తుంది. మైక్ నడుస్తోందా, ఆగిందా? రెండు రకాలుగానూ అర్థం చేసుకోవచ్చు. వెబ్ అనువర్తనాలకు అందుబాటు పద్ధతులు రాసిన మార్గదర్శకాలు ఈ సంగతి స్పష్టంగానే చెప్పాయి: పేరు మారితే స్థితి పెట్టకూడదు, స్థితి పెడితే పేరు మార్చకూడదు. అయినా ఈ పొరపాటు మళ్లీమళ్లీ దొర్లుతుంది, ఎందుకంటే తెర మీద గీత కొట్టిన మైక్ బొమ్మ చూసేవారికి ఇందులో తప్పేమీ కనిపించదు.

మ్యూట్‌కు కీబోర్డ్ షార్ట్‌కట్‌లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, ఒక్కో యాప్‌కు ఒక్కోటి. విండోస్‌లో జూమ్‌కు ఆల్ట్-ఏ, టీమ్స్‌కు కంట్రోల్-షిఫ్ట్-ఎం, మీట్‌కు కంట్రోల్-డి. ఒకే రోజు మూడు కంపెనీలకు ఇంటర్వ్యూ ఇచ్చే అభ్యర్థి మూడూ గుర్తుపెట్టుకోవాలి. బ్రౌజర్‌లో నడిచే కొన్ని సాఫ్ట్‌ఫోన్‌లు ఒట్టి ‘ఎం’ అక్షరాన్ని మ్యూట్‌కు వాడతాయి. ఎన్‌వీడీఏ వాడేవారు వెబ్ పేజీలో ‘ఎం’ నొక్కితే అది పేజీలోని తర్వాతి భాగానికి, అంటే ఫ్రేమ్‌కు, వెళ్లమని స్క్రీన్ రీడర్‌కు చెప్పినట్టు. మీట యాప్ దాకా చేరనే చేరదు.

మొబైల్‌లో ఇంకో రకం ఇబ్బంది. బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అని వినిపిస్తుంది. చూపులేని వ్యక్తి ఫోన్‌ను చెవి నుంచి తీస్తాడు. తెర వెలుగుతుంది, టాక్‌బ్యాక్ ఏ యాప్‌లో ఉన్నాడో చెప్పడం మొదలుపెడుతుంది. కీప్యాడ్ అనే బటన్‌ను వేలితో వెతికి రెండుసార్లు తట్టాలి. అంకెలు తెరుచుకున్నాక ఒకటి ఎక్కడుందో మళ్లీ వేలితో తడమాలి, వినాలి, తట్టాలి. ఇంతలో అవతలి రికార్డింగ్ తర్వాతి ఎంపికలు చదివేస్తుంది, ఆ మాటల మీద టాక్‌బ్యాక్ మాటలు పడతాయి. చివరికి ‘మీరు ఏ ఎంపికా చేయలేదు’ అని లైన్ కట్ అవుతుంది. కీప్యాడ్ తప్పు లేదు, దాని లేబుళ్లన్నీ సరిగానే ఉన్నాయి. తప్పు అవతలి వ్యవస్థ ఇచ్చే గడువుది. ఆ కొద్ది సెకన్లు ఎవరి వేగాన్ని లెక్కేసి పెట్టారన్నదే ప్రశ్న.

బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కాల్ మొదలయ్యే క్షణంలో అది పాటల పద్ధతి నుంచి కాల్ పద్ధతికి మారుతుంది. ఆ మార్పులో స్క్రీన్ రీడర్ పలికే మొదటి అక్షరాలు వినబడకుండా పోతుంటాయి. సరిగ్గా అప్పుడే అది ఫోన్ చేస్తున్న మనిషి పేరు చెబుతుంటుంది. ఇక మీటింగ్‌లో కంప్యూటర్ శబ్దంతో సహా తెరను పంచితే స్క్రీన్ రీడర్ గొంతు అందరికీ వినిపిస్తుంది, ప్రైవేటుగా వచ్చిన మెసేజ్ చదివితే అది కూడా.

ఎన్‌వీడీఏ 2024.2 వెర్షన్‌లో వచ్చిన సౌండ్ స్ప్లిట్ ఈ చిక్కుకు నేరుగా తగిలే పరిష్కారం. దీంతో స్క్రీన్ రీడర్ గొంతును ఒక చెవికి, మిగతా యాప్‌ల శబ్దాన్ని రెండో చెవికి పంపవచ్చు. ఈ ఆలోచన ముందు వినియోగదారులు రాసుకున్న యాడ్-ఆన్‌లో, అంటే విడిగా జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌లో, పుట్టి, తర్వాత అసలు ప్రోగ్రామ్‌లోకి వచ్చింది. అవసరం తెలిసినవాడే పరిష్కారం రాసుకోగలిగిన చోట ఇలా జరుగుతుంది. ఇక్కడ ఓ ఆచరణ సంగతి ఉంది: చాలా కాల్ సెంటర్లలో ఇచ్చే హెడ్‌సెట్‌కు ఒక్క చెవే ఉంటుంది. దానితో ఈ సౌకర్యం పనికిరాదు. రెండు చెవుల హెడ్‌సెట్ అడిగితే ఇవ్వడం యాజమాన్యానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే.

తెలుగు వచ్చేసరికి

కాంటాక్ట్‌లో పేర్లు కొందరు తెలుగులో, కొందరు ఇంగ్లిష్‌లో రాసుకుంటారు. స్క్రీన్ రీడర్‌కు ఇంగ్లిష్ గొంతు ఒక్కటే పెట్టుకున్నవారికి ‘అమ్మ’ అని సేవ్ చేసిన నంబరు నుంచి కాల్ వస్తే, గొంతును బట్టి ఏమీ వినిపించకపోవచ్చు, లేదా అర్థంకాని చప్పుడు వినిపించవచ్చు. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు గానీ ఉచ్చారణ మరీ యాంత్రికం. ఫోన్లలో గూగుల్ తెలుగు గొంతు దానికన్నా చాలా మెరుగు.

యాప్‌ను తెలుగులోకి మార్చినప్పుడు కంటికి కనిపించే మాటలు మారతాయి. బొమ్మ బటన్ల వెనక, స్క్రీన్ రీడర్‌కు మాత్రమే అందే మాటలు ఇంగ్లిష్‌లోనే మిగిలిపోతుంటాయి, ఎందుకంటే అనువాదం సరిచూసేవారికి అవి తెర మీద కనిపించవు. మారినా ఇంకో సమస్య ఉంది. ‘మైక్రోఫోన్ మ్యూట్ చేయబడింది’, ‘మైక్రోఫోన్ అన్‌మ్యూట్ చేయబడింది’. అలవాటుపడినవారు స్క్రీన్ రీడర్‌ను చాలా వేగంగా పెట్టుకుని వింటారు. ఆ వేగంలో ఈ రెంటికీ ఉన్న తేడా ఒక్క ‘అన్’. అది ముందున్న ‘ఫోన్’లో కలిసిపోతుంది. ‘మైక్ ఆగింది’, ‘మైక్ నడుస్తోంది’ అంటే మొదటి ముక్కలోనే తేడా తెలుస్తుంది, సమయమూ సగమే పడుతుంది. ఇలాంటి సంగతి అమెరికాలో కూర్చున్న పరీక్షకుడికి తట్టదు. తెలుగులో రోజూ వినే మనిషే పట్టుకోవాలి.

యంత్ర పరీక్షలకు దొరికేవి, దొరకనివి

యాప్‌లోని లోపాలను వాటంతటవే వెతికే సాధనాలు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఇచ్చే యాక్సెసిబిలిటీ స్కానర్ అలాంటిదే. పేరులేని బటన్, మరీ చిన్న బటన్, వెలిసిన రంగు అక్షరాలు ఇవన్నీ అది పట్టిస్తుంది. వాడాల్సిందే. కానీ ‘చాట్ మెసేజ్ చదువుతుండగా కాల్ వస్తే ఏది ముందు వినిపించాలి’ అనే ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

ప్రమాణాలు కొంతవరకు ఆ దిశగా వెళ్లాయి. వెబ్ అందుబాటు మార్గదర్శకాల 2.1 వెర్షన్‌లో, అంటే 2018లో, తెర మీద వచ్చే స్థితి మార్పులు స్క్రీన్ రీడర్‌కు అందాలనే నియమం చేరింది. ఆ సందేశాన్ని రెండు రకాలుగా పంపవచ్చు: ఇప్పుడు చదువుతున్నది పూర్తయ్యాక వినిపించేది ఒకటి, ఉన్నపళంగా అడ్డుపడి వినిపించేది మరొకటి. కాల్ వస్తోందన్న కబురు రెండో రకం కావాలి, ఎవరో మీటింగ్‌లో చేరారన్నది మొదటి రకం చాలు. ఏది ఏ కోవలోకి వస్తుందో మాత్రం ప్రమాణం చెప్పదు. అక్కడే మనిషి అవసరం.

ఫీడ్‌బ్యాక్ ఎక్కడ ఆగిపోతుంది?

వాడేవారిని అడిగితే సరిపోతుందన్నది నిజమే గానీ, అడిగాక ఏమవుతుందన్నది అసలు విషయం. మొదటి అడ్డంకి ఫిర్యాదు ఫారమే. చాలా యాప్‌లలో ‘సమస్య తెలపండి’ అనే చోటు అయిదు నక్షత్రాలతో మొదలై, స్క్రీన్‌షాట్ జత చేయమని అడిగి, బొమ్మల క్యాప్చాతో ముగుస్తుంది. బటన్‌కు పేరు లేదని చెప్పడానికి వచ్చినవారు, పేరులేని నక్షత్రాల దగ్గరే ఆగిపోతారు.

దాటి వెళ్లినా, ఫిర్యాదు ముందు కస్టమర్ కేర్ ఉద్యోగి చేతికి వెళ్తుంది. స్క్రీన్ రీడర్ అంటే ఏమిటో తెలియని వ్యక్తి అయితే ‘యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి’ అనే జవాబు వస్తుంది. ఆ వ్యక్తిని తప్పుపట్టలేం, అతని ముందున్న జాబితాలో ఈ రకం సమస్యే ఉండదు. అందుకే పెద్ద సంస్థలు కొన్ని వికలాంగుల కోసం వేరే సహాయ విభాగాలు పెట్టాయి. మైక్రోసాఫ్ట్‌కు డిసెబిలిటీ ఆన్సర్ డెస్క్ ఉంది, గూగుల్, యాపిల్ సంస్థలకూ ఇలాంటి ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. వీటి అసలు ఉపయోగం మర్యాదగా మాట్లాడటంలో లేదు. అక్కడికి వచ్చిన ఫిర్యాదును లోపంగా నమోదు చేసి ఇంజనీర్లకు పంపడంలో ఉంది.

మూడో చోటు ఇంజనీర్ బల్ల. ‘మీ యాప్ అంధులకు పనికిరాదు’ అన్న ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజమైనా, దానితో ఇంజనీర్ ఏమీ చేయలేడు. ఏ స్క్రీన్ రీడర్, ఏ వెర్షన్, ఏ మీట నొక్కితే ఏం వినిపించింది, ఏం వినిపించాల్సింది అన్న వివరాలతో వస్తే గంటలో తేలిపోయే లోపాలు ఎన్నో. ఎన్‌వీడీఏలో స్పీచ్ వ్యూయర్ అనే కిటికీ ఉంది. స్క్రీన్ రీడర్ మాట్లాడే ప్రతి ముక్కా అందులో అక్షరాలుగా కనిపిస్తుంది. వేగంగా మాట్లాడే గొంతు అర్థంకాని డెవలపర్‌కు దానికి మించిన సాయం లేదు. ఫిర్యాదు చేసేవారు ఆ అక్షరాలను కాపీ చేసి పంపితే వాదనకు తావే ఉండదు. ఇంత ఓపికగా రాసిన నివేదిక నిజానికి పరీక్షకుల పని. ప్రపంచమంతటా అంధులు ఈ పని చాలా ఏళ్లుగా ఉచితంగా చేస్తున్నారు. అదే పని జీతానికి చేసేవారిని టెస్టర్ అంటారు, కాబట్టి దానికి డబ్బు ఇవ్వడం న్యాయం.

హైదరాబాద్ కాల్ సెంటర్‌లలో ఈ గొలుసు ఇంకా పొడుగు. ఇక్కడి ఉద్యోగి వాడే సాఫ్ట్‌ఫోన్ ఇక్కడి కంపెనీది కాదు. క్లయింట్ ఏ దేశంలోనో ఉంటుంది, వారు ఇంకో సంస్థ నుంచి లైసెన్స్ కొంటారు. మన ఉద్యోగి చెప్పింది టీమ్ లీడ్‌కు, అక్కడి నుంచి ఐటీ విభాగానికి, తర్వాత క్లయింట్‌కు, చివరికి తయారీదారుకు చేరాలి. మధ్యలో ఎవరైనా ‘అతనికి వేరే పని ఇద్దాం’ అనుకుంటే కథ ముగిసినట్టే. పైగా భద్రత కోసమని చాలాచోట్ల దూరంగా ఉన్న సర్వర్‌లోని తెరను ఇక్కడ చూపిస్తారు. ఉద్యోగి కంప్యూటర్‌కు చేరేది ఆ తెర బొమ్మ మాత్రమే. బటన్ల పేర్లు, స్థితులు సర్వర్ దగ్గరే ఉండిపోతాయి. సర్వర్‌లో కూడా స్క్రీన్ రీడర్ ఉంటే గాని పని జరగదు, దానికి ఐటీ విభాగం అనుమతి కావాలి. ఇక్కడ లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉండకపోవచ్చు. పాలసీలో ఉండవచ్చు.

బాగుచేసింది మళ్లీ ఎందుకు పాడవుతుంది?

చూపులేని వినియోగదారులను ఎక్కువగా విసిగించేది ఇదే. ఫిర్యాదు చేశారు, సరిచేశారు, ఆర్నెల్లు హాయిగా నడిచింది, కొత్త వెర్షన్‌తో బటన్లు మళ్లీ మూగబోయాయి. కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోనక్కర్లేదు. యాప్‌లను కొత్త పద్ధతిలో మళ్లీ మొదటి నుంచి నిర్మించడం ఈ రంగంలో మామూలు. పాత నిర్మాణంలో ఒక్కొక్కటిగా చేర్చిన సవరణలు కొత్త దానిలోకి వాటంతటవే రావు. 2003లో మొదలై 2025 మేలో మూతపడిన స్కైప్‌ను అంతకాలం వాడినవారు తెర రూపం ఎన్నిసార్లు మారిందో, మారినప్పుడల్లా దారి మళ్లీ ఎలా నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్పగలరు.

దీనికి తెలిసిన విరుగుడు, సరిచేసిన ప్రతి లోపాన్నీ పరీక్షగా రాసిపెట్టడం. ‘కాల్ ఎత్తే బటన్‌కు పేరు ఉండాలి’ అన్నది పరీక్షల జాబితాలో చేరితే, ఆ పేరు పోయిన వెర్షన్ బయటికి వెళ్లకముందే యంత్రం ఆపేస్తుంది. ఎప్పుడు మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి అనే సంగతులకు అలా కుదరదు కాబట్టి, విడుదలకు ముందు బీటా వెర్షన్‌ను స్క్రీన్ రీడర్ వాడేవారి చేతికి ఇవ్వాలి. బీటా ఇవ్వకుండా, విడుదలయ్యాక అభిప్రాయాలు సేకరించే కంపెనీ తన ప్రతి తప్పునూ ముందు వినియోగదారు ఉద్యోగం మీద ప్రయోగిస్తోందన్నమాట.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 42వ సెక్షన్ సమాచార, కమ్యూనికేషన్ సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. 2023లో దీని నిబంధనలకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని జోడించారు. దానికి మూలం యూరప్‌లోని ఈఎన్ 301 549. కాలింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది ముఖ్యం, ఎందుకంటే ఆ యూరప్ ప్రమాణంలో రెండువైపులా మాట్లాడుకునే సాధనాలకు ఓ అధ్యాయమే ఉంది. ఫోన్ చేస్తున్నది ఎవరో తెలిపే వివరం తెర మీద కనిపించడంతో సరిపెట్టకుండా, స్క్రీన్ రీడర్ లాంటి సాఫ్ట్‌వేర్‌కూ అందాలని అది చెబుతుంది.

అయితే నిబంధనలున్నా అవి సలహాల్లాగే మిగిలాయి. ఈ లోపాన్ని బయటపెట్టడంలో హైదరాబాద్ పాత్ర ఉంది. వికలాంగులకు అందుబాటు కోసం వేసిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దేశంలో పరిస్థితిపై నివేదిక ఇవ్వమని శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పులో, 15(1) నిబంధన చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధన ఐచ్ఛికంగా మార్చేసిందన్నది కారణం. ఎట్టి పరిస్థితుల్లోనూ పాటించాల్సిన కనీస నియమాలను విడిగా, మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ కేవైసీకి సంబంధించిన మరో తీర్పులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని అదే కోర్టు చెప్పింది.

అమెరికా ఈ దారిలో ముందే నడిచింది. అక్కడ 2010 నాటి చట్టం ఇంటర్నెట్ కాల్స్, మెసేజ్‌ల వంటి సేవలు వికలాంగులకు అందాలంటుంది. వీడియో కాన్ఫరెన్స్ సేవలు కూడా దాని కిందకే వస్తాయని 2023లో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ స్పష్టం చేసింది. యూరప్ అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుంచి అమలవుతోంది. ఆ దేశాలకూ మనకూ ముఖ్యమైన తేడా చట్టంలోని మాటల్లో కన్నా అమలులో ఉంది. మన చట్టంలో 89వ సెక్షన్ కింద మొదటి ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠంగా 10 వేల రూపాయలు, తర్వాతి వాటికి 50 వేల నుంచి 5 లక్షల దాకా. పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థను కదిలించే మొత్తం కాదది. కంపెనీలు కదిలేది కొనుగోలుదారు ‘ఇది లేకపోతే కొనం’ అన్నప్పుడు.

హైదరాబాద్‌లో ఏం మారవచ్చు?

విదేశీ చట్టాల ఒత్తిడితో పెద్ద కంపెనీలు చేసే సవరణలు ఇక్కడికీ వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఒకటే కాబట్టి. క్లౌడ్‌లో, బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌ఫోన్‌లు పెరగడం కూడా మేలే. వెబ్‌కు అందుబాటు పద్ధతులు బాగా స్థిరపడి ఉన్నాయి. స్థానికంగా తయారయ్యే వాటి సంగతి వేరు. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ డెస్క్‌లకు, చిన్న కాల్ సెంటర్లకు, ప్రభుత్వ హెల్ప్‌లైన్లకు ఇక్కడి చిన్న సంస్థలు రాసే ప్రోగ్రామ్‌లను యూరప్ చట్టం తాకదు. తెలుగు లేబుళ్లనూ, తెలుగు గొంతునూ ఆ చట్టాలేవీ పట్టించుకోవు. ఈ రెండూ ఇక్కడి ఫీడ్‌బ్యాక్‌తోనే బాగుపడాలి.

అందుకు కావాల్సిన మనుషులు నగరంలో ఉన్నారు. బేగంపేటలో దేవ్‌నార్ అంధుల పాఠశాల ఉంది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు కోల్పోయినవారి కోసం పునరావాస విభాగం నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచీ ఈ నగరంలోనే ఉంది, గూగుల్, అమెజాన్ తర్వాత వచ్చాయి. కోడ్ రాసేవారికీ స్క్రీన్ రీడర్ వాడేవారికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. చిన్న సంస్థ అయినా, విడుదలకు వారం ముందు ఇద్దరు ముగ్గురు స్క్రీన్ రీడర్ వాడకందార్లకు డబ్బిచ్చి ఓ పూట పరీక్ష చేయిస్తే, కాల్ ఎత్తడం, మ్యూట్, హోల్డ్, బదిలీ అనే నాలుగు పనుల్లో ఎక్కడ ఆగిపోతున్నారో తేలిపోతుంది. ఈ నాలుగూ సాఫీగా జరిగితే ఉద్యోగం నిలుస్తుంది. మిగతా హంగులు తర్వాతి సంగతి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతం అంధులకు, చూపు బాగా తక్కువగా ఉన్నవారికి. ఆ కోటాలో చేరిన వ్యక్తి ముందు పనిచేయని సాఫ్ట్‌ఫోన్ పెడితే నియామకం కాగితం మీదే మిగులుతుంది. ప్రభుత్వ కార్యాలయాలు ఇలాంటి ఫిర్యాదుల కోసం ఓ అధికారిని నియమించాలని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు సంస్థలూ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. ఎక్కడా పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించేందుకు, పత్రాలు తెప్పించేందుకు కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. అలాంటి ఫిర్యాదుతో పాటు స్పీచ్ వ్యూయర్‌లో వచ్చిన అక్షరాల కాపీని, యాప్ వెర్షన్‌ను, తయారీదారుకు ముందే రాసిన మెయిల్‌ను జతచేస్తే విచారణ నేరుగా విషయంలోకి వెళ్తుంది.